ఉపకార వేతనము – కొండబిడ్డల కళాశాల చదువు



మారేడుమిల్లి సంతకు చింతపండును, కొండచీపుళ్లను, అడ్డాకులను మోసికొనివచ్చు కుటుంబములలో నేడొక క్రొత్త మాట వినబడుచున్నది. “మా పిల్లవాడు డిగ్రీ చదువుచున్నాడు, మా పిల్ల రంపచోడవరము కాలేజీలో చేరినది” అనునదియే ఆ మాట. రెండు తరముల క్రిందట ఇట్టి మాట మిక్కిలి అరుదు. ఉత్తరము చదివి చెప్పగలవాడు ఊరికొక్కడు దొరకుటయే కష్టమైన పల్లెలనుండి నేడు కొండరెడ్ల బిడ్డలును, కోయబిడ్డలును కళాశాల గడప త్రొక్కుచున్నారు. ఇది సంతోషింపదగినదే. కాని ఆ మాట వెంబడి రెండవ మాట యొకటి తరచుగా వినవచ్చును: “చేరినాడు గాని, నడుమ మానివేసినాడు.”

చేరినవాడు ఏల మానుచున్నాడు? రుసుము సర్కారువారే చెల్లింతురు గదా, ఇక లోటేమి? గ్రాంటు అనగా నేమి? అది విద్యార్థిని ఎచ్చట గట్టెక్కించును, ఎచ్చట నడియేట విడిచిపెట్టును? బిడ్డలను చదువునకు పంపు కుటుంబములకు ఆలోచన చెప్పవలసినవారు మీరే గనుక, ఈ ప్రశ్నలను నేడు మీతో కలిసి విచారింపదలచితిని.

మొదట ఆ మాటకు అర్థము తెలిసికొందము. అప్పు తీర్చవలసినది. భిక్షము దాత మనస్సును బట్టి దొరకునది. దొరకనిచో అడుగుటకు మనకు హక్కు లేదు. గ్రాంటు ఈ రెంటికంటె భిన్నము. ఒక నిర్ణీత ప్రయోజనమునకై, నిర్ణీత నియమములతో, తిరిగి తీర్చనక్కర లేకుండ ఇచ్చు సొమ్మునకు గ్రాంటని పేరు. ఇచ్చినవాడు లెక్క యడుగవచ్చును. నియమములకు లోబడినవాడు తనకు రావలసినదానిని నిలిచి యడుగవచ్చును. విద్యార్థికి నేరుగా చేరు గ్రాంటునే మనము ఉపకార వేతనమనుచున్నాము.

ఈ పద్ధతి మన దేశమునకు క్రొత్తది కాదు. గుంటూరు ప్రాంతమున, కృష్ణానది దక్షిణపుటొడ్డున, మందడము చెంతనున్న మల్కాపురములో 1261వ సంవత్సరపు శిలాశాసన మొకటి కలదు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తియు, ఆయన కుమార్తె రుద్రమదేవియు విశ్వేశ్వర శివాచార్యులకు గ్రామములను దానము చేసిన సంగతి అందు చెక్కబడియున్నది. ఆ గ్రామముల రాబడితో నడువవలసినవి ఏవేవి? దేవాలయము, మఠము, విద్య చెప్పు గురువులు మాత్రమే కాదు. విద్యార్థుల భోజనము, అన్నసత్రము, ఆరోగ్యశాల, ప్రసూతిశాల కూడ ఆ దానములో చేరినవి. చదువుకొనువానికి గురువు ఎంత యవసరమో, వేళకు అన్నమును, జబ్బు చేసిన మందును అంత యవసరమని ఆ కాలపు ప్రభువులు ఎరిగియుండిరి. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. ముందు మరల దీనితో పని పడును.

నేటి గ్రాంటు పద్ధతికి మూలము 1854లో ఇంగ్లండునుండి వచ్చిన విద్యావిషయకమైన ఆజ్ఞాపత్రము. దానిని సర్ చార్లెసు వుడ్డుగారి పేరుతో పిలుతురు. సర్కారు అన్ని బడులను తానే నడపలేదు గనుక, మంచి బడులకు సొమ్ము సహాయము చేసి తనిఖీ చేయవలెనని అందు విధింపబడినది. మన ఎయిడెడు పాఠశాలలు ఆ చెట్టు కొమ్మలే. అయితే ఆ సొమ్ము బడికి చేరెడిది గాని బడికి రాలేని బీద బాలునికి చేరెడిది కాదు. ఉన్నత పాఠశాల దాటిన బీద విద్యార్థికే నేరుగా వేతనమిచ్చు పద్ధతి 1944లో కేంద్ర ప్రభుత్వముచే హరిజన విద్యార్థులకై ఆరంభింపబడి, పిదప గిరిజన విద్యార్థులకును విస్తరింపబడినది. దానినే పోస్టుమెట్రిక్ ఉపకార వేతనమందురు.

1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము ఈ పనికి గట్టి పునాది వేసినది. బలహీన వర్గముల విద్యను, ముఖ్యముగా షెడ్యూల్డు కులముల, తెగల విద్యను రాజ్యము ప్రత్యేక శ్రద్ధతో పెంపొందింపవలెనని 46వ అధికరణము చెప్పుచున్నది. షెడ్యూల్డు ప్రాంతముల పరిపాలనను మెరుగుపరచుటకై కేంద్రము రాష్ట్రములకు గ్రాంటులీయవలెనని 275వ అధికరణము మొదటి ఖండము విధించుచున్నది. మారేడుమిల్లి అట్టి షెడ్యూల్డు ప్రాంతములోనిది. కావున మన బిడ్డలకు వచ్చు సొమ్ము ఏ యధికారియు దయ దలచి యిచ్చునది గాదు. ఇది మొదట గ్రహింపవలసిన సంగతి.

ఇక సొమ్ము మన యొద్దకు వచ్చు త్రోవలను చూతము. అవి ముఖ్యముగా మూడు.

మొదటిది సంస్థకు వచ్చునది. కళాశాలకు గదులు, ప్రయోగశాల, గ్రంథాలయము కావలెను. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 1953లో ఏర్పడి, 1956లో చట్టబద్ధమై, ఈ పని చూచుచున్నది. 2013లో రాష్ట్ర కళాశాలలకై రూసా యను పథకము వచ్చినది. 2023లో అది పీఎం ఉష యను పేరుతో మార్పు చెందినది. ఈ సొమ్ము గోడలుగను, గ్రంథములుగను మారును. విద్యార్థి చేతికి రాదు.

రెండవది విద్యార్థిని ఇంటివలె ఉంచుకొని పోషించు సంస్థకు వచ్చునది. ఆశ్రమ పాఠశాలలు, గురుకులములు, వసతిగృహములు ఈ కోవలోనివి. 1997–98లో కేంద్రము ఏకలవ్య ఆదర్శ గురుకుల విద్యాలయముల నారంభించినది. మారేడుమిల్లిలో కూడ అట్టి విద్యాలయ మున్నది. ఆరవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వరకు, బాలురు సగము బాలికలు సగముగా, 480 మందికి చోటుండవలెనని ఈ విద్యాలయముల నియమము. విద్యార్థి యొక్కనికి ఏడాదికి పూర్వము 61,500 రూపాయల చొప్పున ఇచ్చుచుండిన కేంద్రము, 2018–19లో దానిని 1,09,000 రూపాయలకు పెంచినది. తిండి, బట్ట, పుస్తకము, ఉపాధ్యాయుడు, పడక అన్నియు ఆ సొమ్ములో ఇమిడియున్నవి.

మూడవది విద్యార్థికి వచ్చు వేతనము. ఇందు రెండు భాగములు. ఒకటి బోధన రుసుము. అది కళాశాలకు చెందవలసినది. రెండవది పోషణ భత్యము. అది విద్యార్థి తిండికిని, ఉనికికిని. కేంద్ర నియమముల ప్రకారము గిరిజన విద్యార్థులకు ఈ ఖర్చులో కేంద్రము వంతు 75 పాళ్లు, రాష్ట్రము వంతు 25 పాళ్లు. తలిదండ్రుల సాలుసరి ఆదాయము రెండున్నర లక్షలకు మించరాదని నియమము. మన రాష్ట్రములో 2008 ప్రాంతమున పూర్తి రుసుమును సర్కారే చెల్లించు పద్ధతి వచ్చి, వృత్తివిద్యలు సైతము బీదలకు అందుబాటులోనికి వచ్చినవి. 2020లో వసతి దీవెన యను పేరుతో డిగ్రీ విద్యార్థులకు ఏడాదికి 20,000, పాలిటెక్నికు వారికి 15,000, ఐటీఐ వారికి 10,000 రూపాయలు ఇయ్యబడునని ప్రకటింపబడినది. రుసుమును తల్లుల ఖాతాలలో వేయు పద్ధతి 2021లో ఆరంభమైనది. 2024లో ఆ పేళ్లు పోయి పోస్టుమెట్రిక్ అను పూర్వపు పేరే మరల వచ్చినది. రుసుము నేరుగా కళాశాలలకే చెల్లింప నిర్ణయింపబడినది. పేళ్లు మారుచుండును, బోధన రుసుము, పోషణ భత్యము అను రెండు భాగములు మాత్రము మారలేదు. ఆ రెండును గుర్తుంచుకొనిన చాలును.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాను. గురుకులములో పండ్రెండవ తరగతి వరకు చదివిన బిడ్డకు ఏడాదికి లక్షకు పైగా వెచ్చించితిమి గదా? అదే బిడ్డ మరునాడు డిగ్రీ కళాశాలలో చేరినపుడు ఏమగుచున్నది? 2010లో సవరింపబడిన కేంద్ర నియమములలో సాధారణ డిగ్రీ చదువు గిరిజన విద్యార్థికి పోషణ భత్యము వసతిగృహములో నున్నచో నెలకు 570 రూపాయలు, ఇంటనుండి వచ్చుచున్నచో నెలకు 300 రూపాయలు మాత్రమే. మూడువందల రూపాయలనగా దినమునకు పది రూపాయలు. ఈ లోటును గుర్తించియే మన రాష్ట్రము 20,000 రూపాయల ఏర్పాటు చేసినది. అయినను లక్షకును ఇరువదివేలకును నడుమ ఎంత దూరము! ఆ బిడ్డ ఆకలి పండ్రెండవ తరగతితో తగ్గలేదు. దారి దగ్గర కాలేదు. పుస్తకము చౌక కాలేదు. ఏడేండ్లు గొడుగు క్రింద నడిచిన బిడ్డ చేతినుండి, వాన పెద్దదైన వేళ గొడుగు లాగికొన్నట్లయినది. చదువు నడుమ మానుటకు మూలమంతయు ఇచ్చటనే యున్నదని నా యభిప్రాయము.

మన పెద్దలు “ఏనుగును కొని అంకుశమునకు బేరమాడినట్లు” అని సామెత చెప్పుదురు. వేల రూపాయల రుసుము చెల్లించుట ఏనుగును కొనుట. బస్సు కూలి, పరీక్ష రుసుము, రెండు పుస్తకములు, రెండు పూటల అన్నము, ఇవి అంకుశము. ఏనుగు నిచ్చి అంకుశము నీయనిచో ఏనుగు కదలదు.

మన కొండల విషయములో ఆ చిన్న ఖర్చులు ఎట్టివో యోచింపుడు. రంపచోడవరములో ప్రభుత్వ డిగ్రీ కళాశాల యున్నది. ఈ ప్రాంతపు కళాశాలలను చూచుటకు రాజమహేంద్రవరములో 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయ మేర్పడినది. మారేడుమిల్లినుండి రంపచోడవరమునకు మంచి రోడ్డున్నది, బస్సున్నది. కాని లోపలి పల్లెలనుండి మారేడుమిల్లికి వచ్చుటకు కాలిబాటలును, గెడ్డలును దాటవలెను. పాములేరు పొంగిన దినములలో ఆ దారుల కష్టము మీకు నేను చెప్పనక్కర లేదు. 2025 ఆగస్టు 15నుండి రాష్ట్రములోని స్త్రీలకు నిర్ణీత తరగతుల ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము కలిగినది. ఆడబిడ్డల చదువునకు అది మేలే. అయితే బస్సే రాని పల్లెకు ఉచితమైన టిక్కెట్టుతో ప్రయోజన మేమి? ఆ పల్లె బిడ్డ కళాశాల చెంత వసతిగృహములో నుండవలెను. లేదా ఆటోకు, జీపుకు సొమ్ము పెట్టుకొనవలెను. ఆ సొమ్ము లేని దినమున తరగతి తప్పును. ఉపకార వేతనమునకు నూటికి 75 దినముల హాజరు కావలెనని నియమము. దారి ఖర్చు లేక హాజరు తగ్గును. హాజరు తగ్గి వేతనము ఆగును. వేతనమాగి దారి ఖర్చు మరింత లేకపోవును. ఈ చక్రములో చిక్కినవాడు సోమరి యని మనము నిందింతుము. అది న్యాయము కాదు.

రెండవ లోటు కాలమునకు సంబంధించినది. సొమ్ము మంజూరగుట వేరు, చేతికి వచ్చుట వేరు. కాలువ నిండుగా పారుచున్నను చివరి మడికి నీరు అందినపుడే పంట. పరీక్ష రుసుము కట్టవలసిన నెల దాటిన పిదప వచ్చిన వేతనము గతజల సేతుబంధనమే. నీరు పోయిన తరువాత కట్ట వేసినట్లే. మన రాష్ట్రములో ఏ ప్రభుత్వ కాలముననైనను రుసుము బకాయిల మాట పత్రికలలో తరచు వచ్చినదే. బకాయి పడినపుడు కొన్ని కళాశాలలు బిడ్డల మూల ధ్రువపత్రములను పట్టియుంచుట కలదు. ధనవంతుని బిడ్డ అప్పటికి చేబదులు కట్టి బయటపడును. కొండబిడ్డకు చేబదులిచ్చువాడు షావుకారు. వాడు రాబోవు చింతపండుపై కన్నువేసి యిచ్చును. కావున ఆలస్యముయొక్క భారము బీదవానిపైననే అధికముగా పడును.

మూడవ లోటు సొమ్మునకు సంబంధించినది కాదు. గురుకులములో వార్డెను లేపును, ఉపాధ్యాయుడు అడుగును. డిగ్రీ కళాశాలలో ఎవ్వరును లేపరు. ఇంటిలో మొదటిసారి కళాశాలకు వచ్చిన బిడ్డకు ఏ పాఠ్యాంశము తీసికొనవలెనో, ఏ దరఖాస్తు ఎప్పుడీయవలెనో చెప్పువారుండరు. ఇంగ్లీషు మాధ్యమములోని పాఠము మొదటి నెలలో అర్థము కాదు, అడుగుటకు సిగ్గు. పండుగకు ఇంటికి వచ్చినవాడు, జ్వరము తగిలి పదిదినములు నిలిచి, ఇక తిరిగి పోడు. “ఏల రాలేదు?” అని అడుగువాడొక్కడున్నచో అతడు తిరిగి పోయియుండెడివాడేమో!

ఈ చిన్న లోటులను తీర్చినచో నిజముగా ఫలముండునా, లేక ఇది ఒక పంతులు ఊహయా అని మీరడుగవచ్చును. దీనిని పరీక్షించి చూచిన దేశమున్నది. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలని రెండేండ్ల కళాశాలలు కలవు. ఊరికి దగ్గరగా, తక్కువ రుసుముతో, కూలిపని చేసికొనువారు సైతము చదువుకొనునట్లు ఏర్పడినవి. 1901లో ఇల్లినాయి రాష్ట్రమున జోలియట్ పట్టణములో స్థాపింపబడినది వీనిలో మొదటిది. మన దేశములోను అదే పేరుతో కళాశాలలకు సహాయము చేయు పథకమును విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2013లో ఆరంభించినది. పేరట్లుంచి పనిని చూచినచో, మనకు రంపచోడవరము డిగ్రీ కళాశాల వంటివే అట్టివి.

అమెరికా ప్రభుత్వము 1972లో బీద విద్యార్థులకు నేరుగా గ్రాంటు నీయ నారంభించినది. పెల్ అను శాసనసభ్యుని పేరుతో 1980నుండి దానిని పెల్ గ్రాంటనుచున్నారు. దానివలన లక్షలాది బీదలు కళాశాలలలో చేరిరి. కాని అచ్చటను మన కథయే జరిగినది. చేరినవారు మిక్కుటము, ముగించినవారు కొద్ది. అప్పుడు న్యూయార్కు నగర విశ్వవిద్యాలయమువారు 2007లో ఒక క్రొత్త ఏర్పాటు చేసిరి. రుసుములో గ్రాంటు పోగా మిగిలిన లోటును పూరించిరి. పుస్తకములు ఉచితముగా నిచ్చిరి. నగరపు బండ్లలో తిరుగుటకు పాసు నిచ్చిరి. అంతతో నూరకుండక, సలహాదారు నొక్కొక్కని క్రింద అరువది మొదలు ఎనుబది మంది విద్యార్థులను మాత్రమే ఉంచిరి. మామూలుగా అచ్చట సలహాదారు ఒక్కనికి ఆరువందలమందికి పైగా ఉందురు. సలహాదారును కలిసికొనుచుండవలెననియు, పూర్తి తరగతులకు రావలెననియు విద్యార్థికి నియమము పెట్టిరి. నియమము పాటించినవానికే బండి పాసు.

పిదప దీని ఫలమును నిష్పక్షపాతముగా తూచుటకు, మూడు కళాశాలలలో తొమ్మిదివందలమందికి దగ్గరగా బీద విద్యార్థులను చీట్లు వేసినట్లు రెండు భాగములు చేసిరి. వారందరును చదువులో కొంత వెనుకబడినవారే. ఒక భాగమునకు ఈ ఏర్పాటు, రెండవ భాగమునకు మామూలు గ్రాంటు. మూడేండ్లు గడచినవి. మామూలు భాగములో నూటికి 22 మంది పట్టము పొందిరి; ఈ ఏర్పాటు పొందిన భాగములో నూటికి 40 మంది. దాదాపు రెట్టింపు! తలకొక్కింటికి ఖర్చు పెరిగినమాట నిజమే. కాని పట్టము పొందినవారి లెక్కన చూచిన, ఒక్కొక్క పట్టమునకైన ఖర్చు తగ్గినది. తరువాత ఒహాయో రాష్ట్రములోని కళాశాలలలో ఇదే పద్ధతిని పెట్టి చూచినపుడు సైతము ఇట్టి ఫలమే కలిగినది. సగము దూరము వంతెన కట్టుటకంటె పూర్తి వంతెన కట్టుటయే చౌక యని దీని తాత్పర్యము. మల్కాపుర శాసనములోని దానకర్తలు అన్నమును, మందును దానములో ఏల చేర్చిరో ఇప్పుడు బోధపడినది గదా?

అమెరికా సంగతి దూరపుది యనుకొందురేమో. మన తెలుగు నేలమీదనే మరియొక దృష్టాంతము కలదు. 1940 తరువాతి యేండ్లలో, నిజాము రాష్ట్రములోని ఆదిలాబాదు అడవులలో గోండుల స్థితిగతులను హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు పరిశీలించెను. గోదావరి కొండలలోని మన కొండరెడ్ల మీద 1945లో గ్రంథము ప్రకటించినవాడును ఆయనయే. ఆయన సలహాపై, నిజాము ప్రభుత్వ ధనముతో, 1943లో మార్లవాయి గ్రామమున గోండులకొక విద్యాకేంద్ర మేర్పడినది. బయటినుండి వచ్చిన ఉపాధ్యాయుడు జ్వరమునకు భయపడి పారిపోవును గనుక, గోండు యువకులకే శిక్షణ నిచ్చి ఉపాధ్యాయులను చేసిరి. మొదటి వాచకములను గోండు భాషలోనే కూర్చిరి. ఆ గోండు ఉపాధ్యాయులు తమ గూడెములలో తమ బిడ్డలకే పాఠములు చెప్పిరి. గ్రాంటు సొమ్ముతో పాటు తమవాడను చేయి తోడైనపుడు చదువు వేరూనునని ఈ ఉదాహరణము తెలుపుచున్నది. మన కళాశాలలలో చదివి పట్టము పొందిన కొండబిడ్డ యొక్కడు మరి పదిమందికి అట్టి తోడు కాగలడు.

ఇక మీరు చేయదగిన పనులు చెప్పెదను. ఇవి సొమ్ముతో పని లేనివి, పెద్దరికముతో పని గలవి.

మొదటిది పత్రముల పని. కుల ధ్రువపత్రము, ఆదాయ ధ్రువపత్రము, ఆధారు, బ్యాంకు పుస్తకము – ఈ నాలుగింటిలోను బిడ్డ పేరును, తండ్రి పేరును, ఇంటిపేరును ఒక్క తీరుగ నుండవలెను. ఒకచోట ‘రెడ్డి’ అనియు మరొకచోట ‘దొర’ అనియు, ఒకచోట ఇంటిపేరు ముందును మరొకచోట వెనుకను వ్రాసినచో యంత్రము ఒప్పుకొనదు, సొమ్ము ఆగును. పదవ తరగతిలో నుండగనే ఈ తప్పులు దిద్దించుకొనవలెను. కళాశాలలో చేరు దినములలో తహసీల్దారు కచేరీ చుట్టు తిరిగిన ప్రయోజనము తక్కువ. చాలకాలము వాడని బ్యాంకు ఖాతా నిద్రపోవును, దానిని మేలుకొలిపియుంచవలెను. జ్ఞానభూమి పద్దులో బిడ్డ దరఖాస్తు ఏ దశలో నున్నదో కళాశాల గుమాస్తాచే గాని, చదువుకొన్న యువకునిచే గాని నెలకొకసారి చూపించుకొనవలెను.

రెండవది ధ్రువపత్రముల రక్షణ. విద్యార్థుల మూల ధ్రువపత్రములను కళాశాలలు పట్టియుంచరాదని విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2018 అక్టోబరులో ఉత్తరువు ప్రకటించినది. చూచి, సరిపోల్చుకొని, తిరిగి యీయవలెను. బకాయి సర్కారుది, బిడ్డది కాదు. ఎవరైనను పట్టియుంచినచో ఆ బిడ్డను ఒంటరిగా పంపక, ఊరిపెద్దలు ఇద్దరు వెంట వెళ్లి వ్రాతమూలముగా అడుగవలెను. అప్పటికిని వినకున్న రంపచోడవరములోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయములో అర్జీ యీయవలెను. నోటిమాట గాలికి పోవును. అర్జీకి సంఖ్య పడును, జవాబు రావలెను.

మూడవది అత్యవసరపు చేబదులు. వేతనము ఆలస్యమైన నెలలో పరీక్ష రుసుమునకు, దారి ఖర్చునకు ఊరుమ్మడి నిధి యొకటి యుండిన ఎంత మేలు! మన పల్లెలలో స్త్రీల పొదుపు సంఘములు కలవు. వేతనము వచ్చిన వెంటనే తీర్చు షరతుతో, వడ్డీ లేకుండ, కొద్ది మొత్తమును చదువునకై ప్రత్యేకించిన చాలును. షావుకారు గడపకు పోవు అగత్యము తప్పును. ఇది పెద్ద సొమ్ము కాదు. కాని చివరి మడికి నీరందించు చిన్న బోదె ఇదియే.

నాల్గవది కనుపెట్టి చూచుట. ఊరినుండి కళాశాలకు పోయిన ప్రతి బిడ్డ పేరును వ్రాసియుంచుడు. పండుగకు వచ్చినవాడు తిరిగి పోయినాడా లేదా యని వాకబు చేయుడు. పోడు పనికో, చింతపండు దులుపుటకో బిడ్డను వారముల కొలది నిలుపుకొను తల్లిదండ్రులకు హాజరు నియమమును తెలియజెప్పుడు. ఆడబిడ్డకు డిగ్రీ రెండవ యేట పెండ్లి మాట వచ్చినచో, చివరి పరీక్ష ముగియువరకు ఆగుడని చెప్పగలవారు మీరే. కళాశాలలో పై తరగతి చదువు మన ఊరి విద్యార్థిని క్రింది తరగతివారికి తోడుగా నియమింపుడు. న్యూయార్కులో జీతగాడు చేసిన పనిని ఇచ్చట బంధువు చేయగలడు.

ఐదవది అడుగవలసినచోట అడుగుట. గ్రామసభలలో రోడ్డును, బోరింగును అడుగుచున్నాము. కళాశాల చెంత చాలినన్ని వసతిగృహములున్నవా, వేతనము ఏ నెలలో వచ్చినది, మన ఊరినుండి చేరినవారెందరు, ముగించినవారెందరు అని అడుగుటయు నేర్చుకొనవలెను. మన కొండరెడ్లు అతి బలహీన గిరిజన సమూహముగా సర్కారుచే గుర్తింపబడినవారు. అట్టి సమూహములకై 2023 నవంబరు 15న ప్రకటింపబడిన జనమన్ పథకములో వసతిగృహముల నిర్మాణము కూడ చేరియున్నది. మన మండలమునకు దానివలన ఏమి వచ్చినదని విచారించుట మన పనియే. ఎందరికి మంజూరు చేసితిమన్న లెక్క అధికారులయొద్ద ఎప్పుడును ఉండును. ఎందరు ముగించిరన్న లెక్కను మనము అడిగినపుడే అది కాగితమున కెక్కును.

“సర్కారు సొమ్ముకు మరిగి పిల్లలు సోమరులగుదురు” అని కొందరందురు. చదువు మానిన బిడ్డకై అప్పటివరకు పెట్టిన సొమ్ము ఎవరికిని అక్కరకు రాకపోవుటయే అసలైన దుర్వ్యయము. బిడ్డ చదువు ముగించి నర్సుగానో, ఉపాధ్యాయినిగానో, గుమాస్తాగానో, చదువుకొన్న రైతుగానో తిరిగివచ్చిన యెడల, ఊరిలో అర్జీ వ్రాయుటకు, తూకము సరిచూచుటకు, మందు చీటి చదువుటకు మనిషి దొరకును. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టి అటవీ సరకు కొనుచున్నది. అచ్చటి తూకపు రసీదును చదువగల బిడ్డ ఇంటిలో నుండుటకును, లేకుండుటకును గల భేదము మీ రెరిగినదే.

రాబోవు జూన్ నెలలో మీ ఊరినుండి కళాశాలకు పోవు బిడ్డలెవరో ఇప్పుడే లెక్కింపుడు. వారి పత్రములను ఇప్పుడే చూడుడు. రుసుమును సర్కారు చూచుకొనును. దారిని, వేళను, ధైర్యమును మనము చూచుకొనవలెను. ఇంతటితో విరమించెదను.